మోకు మీది బరువు

ఆ ఏడు మాఘమాసంలో పోతుతాళ్లు కల్లు గీతకు వచ్చేసరికి తిమ్మప్ప చెట్టెక్కి పది నెలలు దాటింది. అంతకుముందు ఎండాకాలంలో గాలివానకు తడిసిన తాటిచెట్టు మీద కాలు జారి, రెండు నిలువుల ఎత్తు నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గాని కుడికాలి ఎముక విరిగింది. కట్టు కట్టినాయన మూడు నెలలు కదలొద్దన్నాడు. ఎముక గట్టిగా అతకాలని భార్య వెంకటమ్మ బొక్కల పులుసు కాచింది, అన్నంలో నెయ్యి వేసింది. కాలు బాగుపడ్డాక కూడా ఆమె తమ్ముడు భీమన్నే చెట్లు ఎక్కాడు. తిమ్మప్ప అమరచింత బాట పక్కన పాకలో కూర్చుని వచ్చినవాళ్లకు కల్లు పోశాడు. అలా కూర్చుని కూర్చునే లావెక్కాడు.

ఒకరోజు భీమన్న నీళ్లు నములుతూ వచ్చాడు.

"బావా, మా ఊర్ల నా తాళ్లు గూడ గీతకొచ్చినయ్. రెండు దిక్కుల నాతోటి అయితలేదు."

తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు. తిమ్మప్ప సరేనన్నాడు.

మర్నాడు పొద్దున వాగొడ్డున మొదటి చెట్టు కింద నిలబడి, గీతకత్తులు పెట్టుకునే ముస్తాదు నడుముకు కట్టబోయాడు. కొసలు కలవలేదు. జానెడు తాడు ముక్క వేసి ముడేశాడు. మోకుతాడును చెట్టు చుట్టూ తిప్పి నడుముకు వేసుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. సగం ఎత్తుకు పోకముందే ఊపిరి అందలేదు. ఒరిగి నిలబడగానే నడుము వెనక మోకు కిర్రుమంది. ఎన్నో ఏళ్లుగా వింటున్న చప్పుడే. అయినా ఆ పొద్దు అతనికి చిన్నాయన గుర్తొచ్చాడు. ఆయన మోకు తెగే పడ్డాడు. ఆయన్ను మంచం మీద ఇంటికి మోసినవాళ్లలో తిమ్మప్ప ఒకడు.

గీయకుండానే దిగి వచ్చాడు. పైన కందిరీగలు పట్టాయని వెంకటమ్మతో అబద్ధం చెప్పాడు.

ఆ రోజు నుంచి ఒళ్లు తగ్గించాలన్నది తప్ప అతనికి వేరే ధ్యాస లేకపోయింది. పొద్దుటి రొట్టె మానేశాడు. మధ్యాహ్నం సంకటి ముద్దలో సగం కుక్కకు వేశాడు. మల్దకల్ జాతరలో కొన్నవని ఎవరో ఇచ్చిన నల్లటి గోలీలు మింగితే రెండు రోజులు చెంబు పట్టుకుని తిరగడమే సరిపోయింది. మొదట్లో కొంచెం తగ్గినట్టే ఉంది. పదిహేను రోజుల తర్వాత అదీ ఆగిపోయింది. ఎండలో కూర్చున్నా చలిగా ఉండేది. చేతిలో కత్తి వణికేది. పొట్ట మాత్రం అలాగే ఉంది. తినకున్నా తగ్గని ఒళ్లు చూసుకుని లోపల ఏదో పెద్ద రోగం ఉందని బెంగపడ్డాడు. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

పొట్టిచెట్లు నాలుగింటితో ఎలాగో నెట్టుకొస్తూ ఒకరోజు నడిమి ఎత్తు చెట్టెక్కాడు. గెల దగ్గరికి చేరి కల్లు పట్టే లొట్టి విప్పుతుండగా కళ్లు చీకట్లు కమ్మాయి. లొట్టి జారి కింద బండ మీద పడి పగిలింది. రెండు చేతులతో మట్టను కావలించుకుని, కళ్లు మూసుకుని ఉండిపోయాడు. ఎంతసేపో తెలియదు. పక్క చేనులో కలుపు తీస్తున్న వెంకటమ్మ ఆ చప్పుడు విని పరుగున వచ్చింది. కేక వేస్తే అదిరిపోతాడని నోరు మూసుకుని నిలబడింది. అతను ఒక్కో అడుగే దిగి నేలమీద కూలబడ్డాక అడిగింది.

"ఏమైందయ్యా? ఏం దాస్తున్నవ్ నా కాడ?"

అప్పుడు అన్నీ చెప్పాడు. ఆమె తిట్టలేదు. నీళ్లు తాగించి, ఆ మధ్యాహ్నమే అమరచింతకు నడిపించుకుపోయింది.

దావూద్ హకీం ముసలాయన. చాలాసేపు నాడి పట్టుకున్నాడు. నాలుక చూశాడు, కాలి ఎముక నొక్కి చూశాడు.

"రోగం లేదు. హాజ్మా, అరుగుదల పడిపోయింది. ఏం తింటున్నవ్?"

"ఏం తింటలేను హకీం సాబ్. గదే తెల్వదు, యాడికెళ్లి వస్తున్నదో ఈ ఒళ్లు."

"కల్లు?"

"తాగను. ఊకె రుచి చూస్త. పులిసిందా లేదా అని."

"రోజుకు ఎన్ని లొట్లు రుచి చూస్తవ్?"

తిమ్మప్ప లెక్క పెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు. పాకలో కూర్చున్న ఆ నెలలన్నీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చేతిలో ముంత ఉండనే ఉంది. దాన్ని అతను ఎన్నడూ తిండి కింద చూడలేదు. అది తనకూ తట్టలేదని వెంకటమ్మ తల దించుకుంది.

"తిండి మానితే కడుపుల అరిగించే మంట సల్లారుతది" అన్నాడు హకీం. "ఒళ్లు భయపడి ఉన్నది ఉన్నట్టు దాసుకుంటది. పొద్దుగాల రొట్టె తిను. ఉలవలు, పెసలు తిను. మజ్జిగల శొంఠి ఏసుకో. దీపాలు పెట్టకముందే తినుడు అయిపోవాలె. రుచి సూసుడు నీ భార్యకు అప్పజెప్పు. కండ పోయింది నీకు, గది మల్ల రావాలె. జర బరువు మొయ్యి, నడువు, నిండ పండుకో."

"ఎన్ని దినాలు?"

"పది నెలలు కూసుంటివి. పది దినాల్ల పోతదా?"

తినమన్న మాటే తిమ్మప్పను ఎక్కువ భయపెట్టింది. మొదటి రోజు రొట్టె ముందు పెట్టుకుని, విషం ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు. తింటే మోకు తెగుతుందన్నట్టే ఉంది మనసుకు. వెంకటమ్మ ఎదురుగా కూర్చుని చివరి ముక్క దాకా తినిపించింది. చీకటితో లేచి బావి నుంచి కడవలు మోసేవాడు. ఆమెతో కలిసి జొన్నలు విసిరేవాడు. తిరగలి ముందు మగవాణ్ని చూసి వాడకట్టు ఆడవాళ్లు నవ్వితే తల ఎత్తేవాడు కాదు. పాకలో లొట్టి మూత తీసినప్పుడల్లా చెయ్యి ముంత మీదికి పోయేది. వెంకటమ్మ చూపు చూసి వెనక్కి తీసుకునేవాడు.

నెల తిరిగినా పొట్ట తగ్గినట్టు కనిపించలేదు. హకీం మోసం చేశాడేమోనని అనుమానపడ్డాడు. అయితే చలి పోయింది, చెయ్యి వణకడం ఆగింది. ఆకలి వేళకు కావడం మొదలైంది. రెండో నెలలో ఈతచెట్లు ఆయాసపడకుండా ఎక్కి దిగాడు. చైత్రం చివరికి ముస్తాదుకు తాడు ముక్క అవసరం లేకపోయింది.

వాగొడ్డు మీది ఎత్తయిన తాళ్లను మాత్రం ఆఖరికి పెట్టుకున్నాడు. పాత మోకు పక్కన పడేసి, భీమన్న పేనిచ్చిన కొత్తది తీసుకుపోయాడు. సగం ఎత్తులో అది కూడా కిర్రుమంది. ఆగి ఊపిరి పీల్చుకుని చూసుకుంటే కాళ్లు గట్టిగానే ఉన్నాయి. మరో అడుగు వేశాడు. గెల గీసి, లొట్టి కట్టి దిగాడు.

ఆ తర్వాత పద్నాలుగేళ్లు తిమ్మప్ప గీత మానలేదు. ఒళ్లు మునుపటంత సన్నబడలేదు, భయమూ పూర్తిగా పోలేదు. అతను చెట్టెక్కిన ప్రతి పొద్దూ వెంకటమ్మ ఏదో ఒక పని కల్పించుకుని ఆ దరిదాపుల్లోనే ఉండేది. అతను చూసీ చూడనట్టు ఎక్కేవాడు.