సాంబయ్య సార్ మూడో చెయ్యి

మొన్న హనుమకొండలో, అమ్మ రక్తపరీక్ష రిపోర్టు కోసం దవాఖాన క్యాంటీన్‌లో కూర్చున్నాను. చాయ్ ఇంకా సగం కూడా తాగలేదు, వెనక బల్ల దగ్గర సాసరు మీద కప్పు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. టకటకమని మోగి, ఆగి, మళ్లీ మోగింది. తిరిగి చూడకముందే కుర్చీలోంచి సగం లేచాను. ఎవరో పెద్దాయన వణికే చేతులతో కప్పు లేపడానికి తంటాలు పడుతున్నాడు, పక్కనున్న కోడలు ఫోను చూసుకుంటోంది. ఆయనెవరో నాకు తెలియదు. తెలియని మనిషి చేతులు వణికితే నాకెందుకంత గాభరా అంటే, ఒక ఎండాకాలమంతా అలాంటి చప్పుడు ఇంకొకరి చెవిన పడకూడదని నేను పక్కన కూర్చుని గట్టిగట్టిగా మాట్లాడేదాన్ని. అప్పటి ఆ కప్పు సాంబయ్య సార్‌ది.

నేను పోలీసు కానిస్టేబుల్‌ని. నాకు తుపాకీ పట్టడం నేర్పింది ఆయనే. డోర్నకల్ మనిషి, తండ్రి రైల్వేలో పనిచేశాడట. సన్నగా, నల్లగా, ఎప్పుడూ బుగ్గన లవంగం పెట్టుకుని ఉండేవాడు. మామూలుగా మాట్లాడితే పక్కనున్నవాళ్లకు కూడా సరిగా వినపడేది కాదు, కాల్పులు నేర్పే రేంజిలో అడుగు పెడితే మాత్రం ఆ గొంతు గుళ్లు ఆపడానికి పోసిన అవతలి మట్టికట్ట దాకా వెళ్లేది. ఇక నా సంగతి చెప్పాలంటే, గ్యాసు ఆపానా లేదా అని బస్టాండు దాకా వెళ్లి వెనక్కొచ్చే రకం నేను. మొదటి రోజు పిస్తోలు చేతికిస్తే కళ్లు మూసుకుని పేల్చాను. ఆ గుండు ఎటు పోయిందో ఆ దేవుడికే తెలియాలి. అందరూ పకపకా నవ్వారు. సార్ నవ్వలేదు. మర్నాటి నుంచి నన్ను కాల్చేవాళ్ల వెనక నిలబెట్టి, అందరినీ చూస్తూ ఉండమన్నాడు.

రేంజిలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరికైనా ప్రమాదం కనపడితే కుడిచెయ్యి పైకెత్తి స్టాప్ అని అరవాలి. అరిచింది స్వీపరైనా సరే, కాల్చేది ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, కాల్పులు ఆగిపోవాల్సిందే. చెయ్యి ఎత్తిన మనిషి తనంతట తాను దించేదాకా మళ్లీ ఒక్క గుండు పేలకూడదు. ఈ కట్టుబాటు వినగానే నా ప్రాణం లేచొచ్చింది. వారం తిరక్కుండానే టార్గెట్ల పక్కన ఏదో తెల్లగా కదిలిందని చెయ్యెత్తేశాను. మనిషిని పంపించి చూపిస్తే అది గాలికి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ కవరు. నాకు తల కొట్టేసినట్టయింది. సార్ నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"కవరే బిడ్డా. మేకపిల్ల అయితే ఏం జేద్దుము? మంచిగనే ఆపినవ్."

ఆ మాటతో నేను పోలీసుగా నిలబడ్డాను. భయపడితే తిట్టేవాళ్లనే చూశాను గాని, భయాన్ని పనిలో పెట్టుకోవచ్చని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లకు పరీక్షించి చూడమని పైనుంచి ఒక కొత్త సామాను వచ్చింది. రైఫిల్‌కు వెనక భుజానికి ఆనించే భాగం ఉంటుంది కదా, అలాంటిదే చేతి తుపాకులకు తగిలించేది. షోల్డర్ స్టాక్ అంటారు. ముందువైపు ఒక పట్టు, లోపల మార్చుకునే ముక్కలు. ముక్క మారిస్తే పాత పిస్తోలుకూ పడుతుంది, కొత్త పిస్తోలుకూ పడుతుంది, చివరికి రివాల్వర్‌కు కూడా పడుతుంది. భుజానికి ఆనించి కాలిస్తే నా గుళ్లు కూడా ఒకచోట పడ్డాయి. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. సార్ మాత్రం మొహం గంటు పెట్టుకున్నాడు. సామాను ఒక్కటే గాని తుపాకులు మూడు తీర్లు, తుపాకీ మారినప్పుడు మన చెయ్యి కూడా మారకపోతే గాయమవుతుందని పదేపదే చెప్పాడు. నోటిమాటతో మాకు ఎక్కదని తెలిసి ఒకరోజు రివాల్వర్‌ను బల్లకు బిగించి, గుళ్లు తిరిగే చక్రం పక్కన పాత పేపరు కట్టి పేల్చాడు. చక్రం సందులోంచి ఎగజిమ్మిన మంటకు పేపరు చిరిగి, అంచులు నల్లబడ్డాయి. పిస్తోలు అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి ముందుకు జరిపితే, ఆ చోట మీ వేళ్లుంటాయని చెప్పాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

సార్ చేతుల సంగతి నాకు తెలిసింది కూడా ఆ రోజుల్లోనే. ఒక పొద్దున అందరికంటే ముందు రేంజికి వెళ్లాను. ఆయన ఒక్కడే ఖాళీ పిస్తోలు చాపి నిలబడ్డాడు. పిస్తోలు కొస కుదురుగా లేదు. నా కళ్లేమైనా మోసం చేస్తున్నాయా అనుకున్నాను. ఆయన దాన్ని దించి, షోల్డర్ స్టాక్ తగిలించి, భుజానికి గట్టిగా అదిమి మళ్లీ ఎత్తాడు. ఈసారి కదల్లేదు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. స్టాకును చేత్తో తట్టాడు.

"గిది నా మూడో చెయ్యి బిడ్డా" అన్నాడు. "ఇంట్ల గుడ తెల్వదు. ఎవలకు జెప్పకు."

చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. రేంజి నుంచి తీసేసి ఏదో ఆఫీసులో కుర్చీ వేస్తారు. ఆ మనిషికి రేంజి తప్ప ఇంకో లోకం లేదు, సెలవు రోజు కూడా వచ్చి గడ్డి పీకించేవాడు. చెప్పకపోతే ఏమవుతుందో, అది తలచుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. డాక్టరు దగ్గరికి పోదాం సార్ అని ఎన్నోసార్లు బతిమాలాను. ఈ సామాను పరీక్ష అయిపోనీ, ఫికర్ చెయ్యకు అనేవాడు. నేను ఫికర్ చెయ్యకుండా ఉంటానా? ఆయన చాయ్ సగమే పోయించేదాన్ని. నలుగురిలో కూర్చుంటే ఆయన పక్కన చేరి ఎనుమాముల మార్కెట్లో మిర్చి ధర గురించి, ఏది నోటికొస్తే దాని గురించి వాగేదాన్ని. నన్ను చూసి, సరితకు ఈ మధ్య నోరు ఎక్కువైందని తోటివాళ్లు అనుకున్నారు.

పరీక్ష చూడటానికి హైదరాబాద్ నుంచి పెద్ద ఆఫీసరు వచ్చాడు. ఒకే స్టాకును మూడు తుపాకులకు మార్చి మార్చి తగిలించి, సాంబయ్య సారే కాల్చి చూపించాలి. బాగుందంటే అన్ని జిల్లాలకూ పంపిస్తారు, నేర్పడానికి సార్‌ను పిలుస్తారు. ఆయన ఆశంతా దాని మీదే ఉంది. నేను ఎప్పటిలాగే వెనక నిలబడ్డాను. పాత పిస్తోలు బాగానే అయింది. కొత్త పిస్తోలు ఇంకా బాగా అయింది, ఆఫీసరు భేష్ అన్నాడు. రివాల్వర్‌కు ముక్క మార్చేటప్పుడు సార్‌కు ఎక్కువసేపు పట్టింది. మెడ మీద చెమట కారుతోంది. భుజానికి ఆనించి, గురి పెట్టాడు. అప్పుడు ఆయన ఎడమ చెయ్యి ఆసరా వెతుక్కుంటూ కొంచెం కొంచెంగా ముందుకు జరగడం చూశాను. ఆ రోజు పేపరు కట్టి చూపించిన చోటికే వెళ్తోంది.

నా చెయ్యి లేచింది. స్టాప్ అని అరిచాను.

ఆఫీసరు నా వైపు తిరిగి ఎందుకు ఆపావని అడిగాడు. ఎడమ చెయ్యి ముందుకొచ్చింది సార్ అన్నాను. ఆయన నవ్వి, గురువుకే పాఠం చెప్తున్నావా అని, సాంబయ్య సార్‌ను చెయ్యి సర్దుకుని కానివ్వమన్నాడు. అక్కడితో అయిపోవాల్సిందే. పొరపాటు ఎవరికి జరగదు? సార్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ ఆసరా కూడా పోయేసరికి, భుజానికి ఎంత అదిమినా రివాల్వర్ కొస వణకడం నేను నిలబడ్డ చోటి నుంచి కనపడుతోంది. మిగతావాళ్లకు కనపడటం లేదు. చెయ్యి దించమ్మా, టైమవుతోంది అని ఆఫీసరు విసుక్కున్నాడు. సార్ తల తిప్పి నన్ను చూశాడు. ఆ కళ్లలో కోపం ఉంటే తట్టుకునేదాన్నేమో. ఆయన నన్ను బతిమాలుతున్నాడు. ఎంత మందికో ఎదురు నిలిచిన మనిషి, ఒక్కసారి దించవా అని నన్ను కళ్లతో వేడుకుంటున్నాడు. నాకు ఏడుపొచ్చేసింది. అందరి ముందూ బుగ్గల మీద నీళ్లు కారిపోతున్నాయి గాని చెయ్యి మాత్రం దించలేదు.

సార్ రివాల్వర్ కొసను మట్టికట్ట వైపే ఉంచి చక్రం తెరిచాడు. గుళ్లు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి వేళ్ల నుంచి జారి కింద పడితే ఎవరూ కదల్లేదు, ఆయనే వంగి తీసుకున్నాడు.

"సార్, నా చేతులు వణుకుతానయ్" అన్నాడు ఆఫీసరుతో. "చానా దినాలసంది వణుకుతానయ్. ఆ పిల్లకు ఎరుకే. చెప్పద్దని నేనే అన్న."

తర్వాత నా దగ్గరికి నడిచి వచ్చాడు. నా చెయ్యి ఇంకా పైనే ఉంది, మోచెయ్యి పీకుతోంది.

"ఇగ దించు బిడ్డా" అన్నాడు.

ఆయన్ను హనుమకొండలో ఒక ఆఫీసుకు మార్చారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టిందని నన్ను తోటివాళ్లు చాలాకాలం దెప్పారు. నేనూ నిజమేనేమో అనుకుని కుమిలిపోయాను. అలాంటప్పుడు ఒకరోజు సార్ భార్య లక్ష్మమ్మ ఫోను చేసింది. దవాఖానకు పోయి మందులు తెచ్చుకున్నారని, ఎన్నాళ్లకో ఆ మనిషి గురక పెట్టి నిద్రపోతున్నాడని చెప్పింది. ఆ తర్వాత రెండు మూడు సార్లు ఇంటికి వెళ్లాను. ఆ పరీక్ష మాట ఆయన ఎత్తలేదు. కొత్త పిల్లలు ఎట్లా కాలుస్తున్నరని మాత్రం అడిగేవాడు. పోయిన వానాకాలంలో కన్నుమూశాడు.

ఇప్పుడు ఆ రేంజిలో కొత్తవాళ్లకు నేనే నేర్పుతున్నాను. గుబులు తగ్గలేదు, పెరిగింది. గాలి మారినా ఆపుతాను, ఎవరైనా తుమ్మినా ఆపుతాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాక కూడా చెయ్యి కిందికి రాదు. పిల్లలు ఎండలో నిలబడి నా మొహం వైపు చూస్తుంటారు. ఇక చాలు, దించు అని నాకు నేను చెప్పుకోవాలంటే చాలాసేపు పడుతుంది. ఎత్తడం సార్ నేర్పాడు. దించమని చెప్పడానికి ఇప్పుడు లేడు.