పసుపు పూసిన వాక్యం నుంచి తేదీ దాకా

నేనేదో ఒక్క మీట నొక్కి జాలర్ల పాళెం వాళ్ల పాయను కాపాడానని మా బంధువులు పెళ్లిళ్లలో చెబుతుంటారు. శుద్ధ అబద్ధం. అది నాలుగు రోజుల చాకిరీ. పైగా అసలు సంగతి పట్టుకున్నది నేను కాదు, మా ఇంటికి చేపలు తెచ్చే పాళెం అక్క. పాయ దక్కిందని కూడా ఇంకా ఎవరూ చెప్పలేదు.

బోగోలు దగ్గర పాళెం వాళ్లు వేటాడే సముద్రపు పాయలో ఒక కంపెనీ ఓడలు ఆగే జెట్టీ కట్టాలనుకుంది. ప్రజాభిప్రాయ సేకరణకు ముందు తన సర్వే నివేదికను ఆరువందల పేజీల పీడీఎఫ్‌గా బయటపెట్టింది.

"ఎవురూ చదవకూడదనే ఇంత లావు చేసినారు మే," అంది అక్క, గుమ్మంలో తట్ట దించుతూ.

నేను కాలేజీ లైబ్రేరియన్‌ని. లావు చూసి జడిసే రకం కాదు. పాయ మాట వచ్చిన ప్రతి వాక్యం మీదా పసుపు రంగు పూశాను. అలా పూసిన వాక్యాలను ఏరి ఎడమ పక్కన వరసగా పేర్చే ప్రోగ్రాం ఒకటుంది. వరసలో దేన్ని నొక్కితే ఆ పేజీ తెరుచుకుంటుంది. పేర్చనైతే పేర్చింది గానీ, తెలుగు భాగం ఏదో పాత ఫాంటులో ఉండడంతో వరస నిండా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు. తిట్టుకుంటూ ఒక్కోదానికీ నేనే పేరు కొట్టాను. ఏ పేరైతే పాళెంలో అర్థమవుతుందో తెలియాలి కనుక, ప్రతి వాక్యమూ అక్కకు చదివి వినిపించాను.

"ఈ పాయలో చేపల వేట జరగడం లేదు."

అక్క పకపకా నవ్వింది. "నిన్న నువ్వు తినింది యాడిది మే, మీ బీరువాలోదా?"

సర్వే వివరాలకు చివరి అనుబంధం చూడమని ఆ వాక్యం పక్కనే ఉంది. నాలుగువందల పేజీల అవతల, సర్వే చేసిన ఒకే ఒక్క తేదీ దొరికింది. చదివాను. అక్క నవ్వు ఆగిపోయింది.

"అది మాయత్త పోయిన దినం. మొన్ననే సర్టిఫికెట్ తెచ్చుకున్న్యా."

పాళెంలో ఎవరు చనిపోయినా ఆ రోజు ఊరంతా వేట మానేస్తుంది. ఒక్క పడవ కదలదు.

ఆ వాక్యం నొక్కితే తేదీ ఉన్న పేజీకి, తేదీ నొక్కితే వాక్యానికి పోయేలా రెంటినీ కలిపాను. ప్రజాభిప్రాయ సేకరణ సభలో అధికారి, "ఏ పేజీలో ఉందమ్మా?" అన్నారు. ఇదివరకు ఇలాంటి సభల్లో ఆ ప్రశ్నకే పాళెం వాళ్లు నీళ్లు నమిలేవాళ్లు. ఈసారి తెర మీద నొక్కి చూపించాను. పక్కన అక్క తన అత్త మరణ ధ్రువపత్రం పట్టుకుని నిలబడింది.

"ఒక్క వాక్యం పట్టుకుని సాగదీస్తున్నారు మేడమ్," అన్నాడు కంపెనీ మనిషి.

"మీరు ఒక్క పూట చూసి రాసుకున్నారు కదా సార్. మాకు ఒక్క వాక్యం చాలు," అన్నాను.

సర్వే మళ్లీ చేయమన్నారు. ఇంకా చేయలేదు. ఎప్పుడొస్తారో తెలియదు గానీ, మొదటిసారి వచ్చిన మనిషిని మాత్రం ఒకటి అడగాలనుంది. ఆ రోజు పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, ఊళ్లో ఏడుపులు వినిపిస్తున్నాయి. ఈరోజు వేటకు ఎందుకు పోలేదని ఒక్కరినైనా ఎందుకు అడగలేదయ్యా నువ్వు?