కళ్లు మూసుకునే డిటెక్టివ్

గల్ఫ్‌లోని రువైస్ కార్మికుల క్యాంపులో వెల్డర్ ముత్తెన్న దగ్గర అట్ట ఊడిన డిటెక్టివ్ కథల పుస్తకం ఒకటుంది. ఎవరూ పేరైనా వినని పుస్తకం. అందులోని పొట్టి డిటెక్టివ్ ఉయ్యాల దిగడు. కళ్లు మూసుకుని, చప్పుళ్లను బట్టే దొంగల్ని పట్టేస్తాడు. ఊరి నుంచి క్యాసెట్ వస్తే ముత్తెన్న కూడా అలాగే కళ్లు మూసుకుని, రవ్వలు పడి మచ్చలు తేలిన వేళ్లతో టేప్‌రికార్డర్‌ను చెవికి ఆనించుకుంటాడు. ఓ శుక్రవారం క్యాసెట్‌లో భార్య లింగవ్వ గొంతు వచ్చింది. "బిడ్డ ఇంకా నడుస్తలేదు. నువ్వచ్చినంక నువ్వే నడిపియ్యి." ఆ మాటల వెనక చిన్న గజ్జెలు దూరంగా మొదలై, ఆగి, తడబడి, మైకు దాకా వచ్చాయి. తాను ఇంతవరకూ చూడని కూతురి అడుగులను ముత్తెన్న ఆరుసార్లు వెనక్కి తిప్పి విన్నాడు. తర్వాత ఖాళీ క్యాసెట్ పెట్టి, గొంతు సవరించుకున్నాడు. "సరే, నేనచ్చినంకనే నేర్పుత. అప్పటిదాంక కిందవడకుంట సూస్కో."