కోదాడలో పడవ పాట ఆగే చోటు

పోయిన నెలలో ఒక సాయంత్రం మిర్యాలగూడ నుంచి దావీదన్న ఫోన్ చేశాడు. కోదాడలో ఒక బార్ అండ్ రెస్టారెంట్‌లో ఏళ్ల తరబడి పియానో వాయించిన మనిషి ఆయన. మోకాళ్లు సహకరించక ఆ పని మానేసి, ఇప్పుడు మిర్యాలగూడలో కూతురి దగ్గర ఉంటూ ఆదివారం చర్చిలో మాత్రం వాయిస్తున్నాడు. బాగోగులు మాట్లాడుకున్నాక అసలు సంగతి బయటపెట్టాడు. "సార్, కోదాడల మన కాడ కొత్త ప్లేయర్ వచ్చిండు. చేత్తోని వాయించుడు తక్కువనంట. ల్యాప్‌టాప్ పెట్టి ట్రాక్ వేస్తుండంట. ఇగ మన పడవ పాట ఏమైతదో." నేను 'సరే అన్నా' అని ఫోన్ పెట్టేశాను. ఆదివారం రాగానే బ్యాగు సర్దుకుని బయల్దేరాను.

పాట కోసం ఇంత దూరమా అని మీకు అనిపించవచ్చు. ఈ బ్లాగు పాత పాఠకులకు సరళ తెలుసు. కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను, సరళ నా భార్య. ఇక్కడి పాత ప్రయాణాలన్నీ మేమిద్దరం చేసినవే. ఆటోవాళ్లతో బేరాలు ఆమెవి, రాతలు నావి. కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్పేది. అక్కడ మేము కిరాయి ఇంట్లో కొన్నేళ్లున్నాం. ఆదివారం సాయంత్రాలు ఆ రెస్టారెంట్‌కు వెళ్లేవాళ్లం. అక్కడ పాట ఒకరు ఎత్తుకుంటే హాలంతా అందుకుంటుంది. సరళ ఎప్పుడూ ఎత్తుకునేది ఒకటే, పాత సినిమాలో పడవ మీద పాడే పాట. దాని పేరు ఇక్కడ రాయను, పడవ పాట అంటే అక్కడ అందరికీ తెలుసు.

సరళకు ఉబ్బసం. గొంతు చక్కనిది, ఊపిరి మాత్రం చాలేది కాదు. పడవ పాట పల్లవిలో రెండో లైను బాగా పొడుగు. దాని మధ్యలో ఆమె ఆగిపోయేది. ఆగినప్పుడు ఛాతీలోంచి పిల్లికూతలు వచ్చేవి, అవి మైకులో వినపడేవి. అందుకని ఆమె ఆగిన ప్రతిసారీ నేను అరచేత్తో టేబుల్ మీద రెండు దెబ్బలు వేసేవాణ్ని. ఆ చప్పుడు చాటున ఆమె ఊపిరి తీసుకుని మిగతా సగం అందుకునేది. దావీదన్న కూడా ఆమె అందుకునేదాకా ముందుకు కదిలేవాడు కాదు. కొన్నాళ్లకు పక్క టేబుల్ వాళ్లు కూడా దెబ్బలు వెయ్యడం మొదలుపెట్టారు. అదేదో పాటలో భాగం అనుకున్నారు పాపం. తర్వాత హాలంతా అక్కడ ఆగి, రెండు దెబ్బలు వేసి, మళ్లీ పాడేది. ఇంటికొచ్చాక సరళ పడీ పడీ నవ్వేది, ఊరందరికీ ఉబ్బసం అంటించామని.

ఆమె పోయి రెండేళ్లు దాటింది. ఆమె గొంతు నా ఫోన్లో ఉంది, వింటూనే ఉంటాను. కానీ ఆమె కోసం అంతమంది ఒక్కసారిగా ఆగడం ఏ ఫోన్లోనూ లేదు. అది ఆ హాల్లోనే ఉంది. ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు. ఆ ఆగడం పూర్తిగా పోకముందే ఒక్కసారి వినాలనిపించింది. ఒకవేళ ఇప్పటికే పోయి ఉంటే, పోయిందని తెలుసుకుని రావాలి.

ఉదయం ఏడింటికి హైదరాబాద్ ఎల్బీ నగర్‌లో విజయవాడ బస్సు ఎక్కాను. సూర్యాపేటకు రెండున్నర, మూడు గంటలు పడుతుంది. ఛార్జీ బస్సు రకాన్ని బట్టి రెండు వందలకు కాస్త అటూ ఇటూ. సూర్యాపేటలో దిగి, బస్టాండ్ ఎదుట ఇడ్లీ తిని, ముందు దావీదన్నను చూద్దామని పెన్‌పహాడ్ మీదుగా మిర్యాలగూడ వెళ్లే పల్లెవెలుగు పట్టుకున్నాను. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి బస్సు నిండా వాళ్లే, టికెట్ కొన్న మగవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందిమి. కిటికీ పక్క సీటు దొరికింది. దుమ్ము పడదని సరళ కిటికీ మూసేది, గాలాడదని నేను తెరిచేవాణ్ని. దారి పొడుగునా అదే పేచీ. ఆ రోజు తెరవడానికి అడ్డు చెప్పేవాళ్లు లేరు, అయినా నా చెయ్యి దానంతట అదే అద్దం మూసేసింది. పక్కన కూర్చున్న పెద్దమ్మ ఊరుకోలేదు.

"గింత ఎండల కిటికి మూస్తవేంది కొడుకా? జర తియ్యి, ఉడుకపోస్తుంది."

"దుమ్ము వస్తదమ్మా."

"దుమ్ము ఎన్నడు రాలేదు? తియ్యి తియ్యి."

తీశాను. పెన్‌పహాడ్‌లో ఆమె దిగేదాకా ఆమె పిల్లల పెళ్లిళ్ల గురించి విన్నాను. దిగిపోయాక మళ్లీ అద్దం మూశాను.

మిర్యాలగూడ చేరేసరికి మధ్యాహ్నం అయింది. చర్చి బయట వేపచెట్టు కింద దావీదన్న కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు, తెల్లచొక్కా, చంకలో పాటల పుస్తకం. నన్ను చూడగానే లేవబోయి మోకాలు పట్టుకుని మళ్లీ కూర్చున్నాడు. వాళ్లింట్లో బగారా అన్నం, కోడికూర పెట్టారు. భోజనం చేస్తుండగా తానూ వస్తానన్నాడు. మోకాళ్లు ఒప్పుకుంటాయా అని నేను, నాన్నా వద్దు అని ఆయన కూతురు ఒకేసారి అడ్డు పడ్డాం.

"వాయించేది మోకాళ్లతోనా?" అన్నాడు దావీదన్న. "సార్ ఒక్కడే పోయి గాడ కూసుంటే నాకీడ ముద్ద దిగుతదా? నువ్వు ఊకో బిడ్డా."

మిర్యాలగూడ నుంచి కోదాడకు హుజూర్‌నగర్ మీదుగా బస్సులు తరచుగానే ఉంటాయి. గంటన్నర నుంచి రెండు గంటలు పెట్టుకోండి. ఊరు దాటేదాకా రైసు మిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన, ఆ తర్వాత రోడ్డుకు రెండు వైపులా వరి. దావీదన్న దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు, ఒక్క పడవ పాట గురించి తప్ప. నేనూ ఎత్తలేదు. కోదాడలో దిగి ఆటో ఎక్కాం. అనంతగిరి రోడ్డు పక్కన అని చెప్పబోతుంటే డ్రైవర్ మధ్యలోనే అందుకున్నాడు. "పియానో కాడికేగా అండీ? ఆదివారం కదా, జనం బాగా ఉంటారు. ఏడు దాటితే కుర్చీ దొరకదు." ఇద్దరికీ కలిపి వంద అడిగాడు, ఎనభైకి ఒప్పుకున్నాడు. సరళ ఉంటే అరవైకి తెచ్చేది.

ఆ పియానో గురించి ఒక మాట చెప్పాలి. బోర్డు మీద 'లైవ్ పియానో' అని గొప్పగా రాసి ఉంటుంది. దగ్గరికి వెళ్లి చూస్తే అది టేకు చెక్కతో చేయించిన పెట్టె, లోపల మామూలు కీబోర్డు. కోదాడ వడ్రంగి పనితనం, మూత కూడా ఉంటుంది. అయినా ఎవరూ దాన్ని కీబోర్డు అనరు. హాలు మధ్యలో ఛాతీ ఎత్తున ఒక గోడ ఉంటుంది. గోడకు ఇటు ఫ్యామిలీలు, అటు బారు. కూర్చుంటే ఒకరికొకరు కనపడరు. కానీ పాట మొదలైతే గోడ ఉన్నా లేనట్టే. పల్లవి ఇటువాళ్లు పాడితే చరణం అటువాళ్లు అందుకుంటారు. ఇది ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు, ఎవరూ తప్పరు. పాటకు వేరే రుసుమేమీ లేదు. ప్లేయర్ దగ్గరికి వెళ్లి అడగడమే.

మేము వెళ్లేసరికి కొత్త ప్లేయర్ వైర్లు కలుపుకుంటున్నాడు. పేరు కిరణ్, ముప్పై ఏళ్లుంటాయి. పెట్టె మీద ల్యాప్‌టాప్ పెట్టుకున్నాడు. తానెవరో అతనికి చెప్పొద్దని దావీదన్న నా చెయ్యి నొక్కాడు. ఇటు గోడ పక్క టేబుల్ దగ్గర కూర్చున్నాం. అది మా పాత టేబులే, పైన రేకు మాత్రం కొత్తది వేశారు. పెళ్లి పాట ఒకటి, వాన పాట ఒకటి, హీరోను పొగిడే హుషారు పాట ఒకటి వరసగా నడిచాయి. ట్రాక్ మోగుతుంటే జనం దానితో సమానంగా పాడారు. బాగానే ఉంది. కిరణ్ కుడిచేత్తో పైపైన సొగసులు దిద్దుతున్నాడు, చెయ్యి తిరిగినవాడే. ఇంత చక్కగా ట్రాక్‌తో కలిసిపోయే జనం ఇంకెక్కడ ఆగుతారు అనుకున్నాను.

అయినా లేచి వెళ్లి పడవ పాట అడిగాను. కిరణ్ తల అడ్డంగా ఊపాడు.

"గది వద్దు సార్, ఇంకోటి చెప్పున్రి. పోయిన వారమే లిస్టుల నుంచి తీసేసిన."

"ఎందుకు?"

"ట్రాక్‌తోని కలవరు సార్. ప్రతిసారి ఖరాబ్ అయితుంది. వేరే ఊళ్లల్ల వేస్తే మంచిగనే పాడుతరు, ఈడనే పరేషాన్."

చాలా దూరం నుంచి వచ్చానని, ఒక్కసారి వెయ్యమని బతిమాలాను. అతను నా ముఖం చూసి ఏమనుకున్నాడో, సరే అని ట్రాక్ నొక్కాడు. నేను టేబుల్ దగ్గరికి వచ్చేలోపే పల్లవి మొదలైంది. మొదటి లైను ఇటువైపు ఆడవాళ్లు ఎత్తుకున్నారు, పిల్లలు కూడా కలిశారు. రెండో లైను సగానికి వచ్చింది.

హాలంతా ఆగింది. గోడకు ఇటూ అటూ టేబుళ్ల మీద రెండు దెబ్బలు పడ్డాయి.

ట్రాక్ ఆగలేదు కదా, అది ముందుకు వెళ్లిపోయింది. జనం మాత్రం రెండు దెబ్బలూ అయ్యాకే మిగతా సగం అందుకున్నారు. వీళ్లు ఒకచోట, వాయిద్యాలు ఒకచోట. నలుగురు నవ్వారు, ఒకరిద్దరు ట్రాక్‌ను పట్టుకోవాలని చూసి వదిలేశారు. కిరణ్ ట్రాక్ ఆపేసి నా వైపు చెయ్యి చూపించాడు.

"సూసిన్రా సార్? గిదే నేను చెప్పింది. ఎందుకాగుతున్నరంటే ఒక్కరికి తెల్వదు."

గోడ అవతల నుంచి ఎవరో మగగొంతు గట్టిగా పలికింది. "ఈ పాట గట్లనే ఉంటది తమ్మీ. మళ్ల వెయ్యి."

దావీదన్న మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచాడు. మెల్లగా నడుచుకుంటూ వెళ్లి కిరణ్ పక్కన నిలబడ్డాడు. పాతవాళ్లు గుర్తుపట్టి కుర్చీ జరిపారు. కిరణ్ కూడా పేరు విని ఉన్నట్టుంది, చటుక్కున లేచి చోటిచ్చాడు. దావీదన్న ల్యాప్‌టాప్ పక్కన పెట్టించి, మూత మీద ఒకసారి చెయ్యి రాసి, వాయించడం మొదలుపెట్టాడు. హాల్లో మళ్లీ గోల మొదలైంది, వాళ్లిద్దరి మాటలు చెవి ఒగ్గి విన్న నాకే అందాయి.

"ఈడ వేళ్లు లేపకు. గట్లనే పట్టుకో. జనం దమ్ము తీసుకుంటరు, నువ్వు గూడ తీసుకో. వాళ్లు అందుకున్నంకనే కదులు."

"గీడనే ఎందుకాగుతున్నరన్నా?"

దావీదన్న నా వైపు చూడలేదు. "ఒక మేడం ఉండె. ఆమెకు దమ్ము చాలకపోయేది. ఆమె కోసం ఆగేటోళ్లం."

కిరణ్ ల్యాప్‌టాప్ మూసేశాడు. తర్వాత, "గట్లయితే ఆగాలె," అన్నాడు. దావీదన్న పక్కకు జరిగాడు. ఈసారి కిరణ్ కూర్చుని రెండు చేతులతో వాయించాడు.

హాలు మళ్లీ ఎత్తుకుంది. రెండో లైను సగంలో అందరూ ఆగారు. కిరణ్ వేళ్లు లేపలేదు, ఒక్క స్వరం సన్నగా నిలబడి ఉంది. నా అరచెయ్యి టేబుల్ మీదే ఉంది, కానీ కొట్టలేదు. నేను కొట్టాల్సిన అవసరం ఎవరికీ లేదు. రెండు దెబ్బలు పడ్డాయి. అన్నేళ్లూ ఆమె ఊపిరి ఎవరికీ వినపడకూడదని కొట్టినవాణ్ని నేనే. ఆ రోజు ఆ రెండు దెబ్బల మధ్య చెవులు రిక్కించి కూర్చున్నాను. ఆ పిల్లికూత ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, వినపడితే చాలనుకున్నాను. వినపడలేదు. జనం మిగతా సగం అందుకున్నారు.

ఆ పూట మేము తెప్పించుకున్న నాటుకోడి పులుసు చల్లారిపోయింది. దావీదన్నను హుజూర్‌నగర్ వైపు బస్సు ఎక్కించాను, మిర్యాలగూడలో అల్లుడు వచ్చి తీసుకెళ్తానన్నాడు. నేను హైవే మీద హైదరాబాద్ బస్సు కోసం నిలబడ్డాను. దుఃఖం తగ్గిందని చెప్పను, తగ్గలేదు. సరళను చూడాలని ఉంది, ఇది రాస్తున్నప్పుడూ ఉంది. కానీ ఆమె పేరు తెలియనివాళ్లు, ఆమె ముఖం చూడనివాళ్లు, సీసా ముందు కూర్చున్నవాళ్లు, ఒళ్లో పిల్లలకు ముద్దలు పెడుతున్నవాళ్లు ఆదివారం ఆదివారం ఆమె కోసం ఆగుతున్నారు. ఎందుకు ఆగుతున్నామో వాళ్లకు తెలియదు. తెలియకపోవడమే నాకు ధైర్యంగా ఉంది. తెలిసినవాళ్లం ఏదో ఒకరోజు మరిచిపోతాం, అలవాటైనవాళ్లు మరిచిపోరు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. ఆదివారం ఏడులోపు చేరుకోండి, గోడ పక్క టేబుల్ అడగండి. పడవ పాట వస్తే, రెండో లైను సగంలో అందరూ ఆగుతారు. మీకు ఊపిరి సరిపోయినా సరే, ఆగండి.