కుడికాలి కడియం

ఉరుకుందప్ప వస్తున్నాడంటే మనిషి కంటే ముందు వాడి కాలు వచ్చేది. కుడి చీలమండకు ఉన్న ఇనుప కడియం అడుగడుక్కీ ఎముకకు తగిలి టక్కుమనేది. పొయ్యి దగ్గర కూర్చున్న ఓబులమ్మ ఆ చప్పుడు వీధి మలుపులో వినగానే సంకటి దించేది. వాడు నడక నేర్చిన నాటి నుంచీ అదే తీరు. ఇప్పుడు ఒక ఏడాదిగా చప్పుడు లేదు. వాడు గడపలోకి వచ్చి "అమ్మా" అంటే తప్ప తెలియడం లేదు. కాలు పెరిగింది, కడియం బిగిసింది.

ఆ కడియం వేయించింది ఆమే. వాడికి ముందు ముగ్గురు పుట్టారు. ముగ్గురూ పాలు మరవకముందే పోయారు. ఒకడికి పేరైనా పెట్టలేదు. నాలుగోవాణ్ణి ఎత్తుకుని ఉరుకుంద స్వామి జాతరకు పోతే, బండి నీడన కూర్చున్న ముసలామె ఒకతె బిడ్డను చూసి, "వీణ్ణి భూమికి కట్టెయ్యి తల్లీ, లేకుంటే వీడూ ఎగిరిపోతాడు" అంది. ఓబులమ్మ జాతరలోనే కమ్మరి చేత కడియం వేయించి, బిడ్డకు స్వామి పేరు పెట్టుకుని మొక్కుకుంది. పెళ్లినాడు బాసికం కట్టేముందు దాన్ని తీసి స్వామికి ఇవ్వాలి. అంతవరకూ ఒంటి మీద నుంచి దిగకూడదు. నేల తాకకూడదు. బిగిస్తే కొలిమిలో పెద్దదయ్యేలా అతుకు వేయించవచ్చు గానీ, అంతసేపూ తల్లి దాన్ని చేత్తో పట్టుకునే ఉండాలి. వాడికి ఏడేళ్ళప్పుడు ఒకసారి అలా వేయించింది.

పెనిమిటి తిమ్మయ్య ఏడాదిలో తొమ్మిది నెలలు గొర్రెల వెంట నల్లమల వైపే ఉండేవాడు. ఇంట్లో ఆమె, కొడుకు. ఓబులమ్మకు తెలిసిన దారులు రెండే, నీళ్ళ బావికి ఒకటి, కట్టెలకు ఒకటి. కొడుకు బడికి పోయి వచ్చే మూడు మైళ్ళ కోడుమూరు దారి ఆమెకు వాడి కాళ్ళకంటిన దుమ్ముతోనే తెలుసు.

ఆ బడికి సుందరమని ఒక డ్రిల్లు మాస్టరు వచ్చాడు. కడప వైపు మనిషి, కిరస్తానీ. తోలుబంతి ఒకటి తెచ్చాడు. దాని బ్లాడరుకు సైకిలుషాపులో నాలుగు అతుకులు వేయించారు. మొదటిరోజు పిల్లలందరూ బంతి ఎటు పోతే అటు గుంపుగా ఉరికారు. మాస్టరు ఈల ఊది నిలబెట్టాడు.

"ఏమప్పా, ఇది ఆటనా, పసువులు తొట్టి కాడికి పోయేదా? ఒక్క బంతికి ఇంతమందేంటికి? బంతి లేని తావ నిలబడేది నేర్చుకోండి ముందు."

నేల మీద సున్నంతో నిలువుగా గీతలు గీశాడు. ముందు వరసలో ఐదుగురు, మధ్యన ముగ్గురు హాఫ్ బ్యాకులు, వెనక ఇద్దరు బ్యాకులు, చివర గోలు కాసే గోలీ. ఎవరి గీతల మధ్య వాళ్ళుండాలి. గీత దాటినవాడు మోకాళ్ళ మీద కూర్చోవాలి. వట్టి కాళ్ళు కాబట్టి వేలితో తన్నకూడదు, పాదం లోపలి పక్కతో తోయాలి. గోడ మీద బొగ్గుతో సున్నా గీసి, దాంట్లో తగిలేలా ఒక్కొక్కడితో యాభైసార్లు తోయించేవాడు.

ఉరుకుందప్ప వారం రోజులు ఆడాడు. ఎనిమిదోరోజు వాడి కడియం దాసన్న అనే పిల్లవాడి ముంగాలికి తగిలి చర్మం ఎముక కనపడేంత చీరుకుపోయింది.

"వీడు ఇనుముతో ఆడతాండాడు సార్. వీనితో నేనాడను" అన్నాడు దాసన్న.

మాస్టరు ఆలోచించి వాణ్ణి గోలులో నిలబెట్టాడు. అక్కడ చేతులతో పని, కాళ్ళతో తక్కువ. కడియానికి గుడ్డ చుట్టి, రెండు కట్టెల మధ్య నిలబెట్టాడు. అలా రెండేళ్ళు నిలబడ్డాడు.

నిలబడ్డవాడికి చూడటం తప్ప పనేముంది? వాడు చూశాడు. ఎవడు ఎటు పోతున్నాడో, ఎవడి వెనక ఖాళీ ఉందో అన్నీ చూశాడు. ఇంటికొచ్చి సంకటి తిన్నాక వంటింటి నేల మీద చింతపిక్కలు పరిచేవాడు.

"ఇది సెంటర్ హాఫు మా. బంతి వెనక నుంచి వస్తే వీడే ముందుకు పంపాల. వీడు తప్పితే ముందరోళ్ళకు వెనకోళ్ళకు పొంతనుండదు."

ఓబులమ్మ రాగులు చెరుగుతూ చూసింది. "జీవాలను తోలేటప్పుడు మీ నాయన ముందర పోడు, వెనక రాడు. పక్కన పోతాడు. ముందరి గొర్రెను చూస్తూ వెనక గొర్రెను పిలుస్తాడు. అదే గదా ఇది?"

వాడు తల్లి ముఖంకేసి చూశాడు. "అదే మా."

"మరి నీ పిక్క యాది?"

వాడు గోడవారగా ఒంటరిగా పెట్టిన పిక్కను చూపించాడు. ఆమె మళ్ళీ చేట అందుకుంది.

వాడా మాట మాస్టరుకు చెప్పినట్లున్నాడు. కర్నూలు రాజధాని అయిన మరుసటేడు, వానలు వెనకపట్టిన రోజుల్లో, సుందరం మాస్టరు సైకిలు మీద వాళ్ళ ఊరొచ్చాడు. ఇంటి ముందరి అరుగుకట్ట మీద కూర్చున్నాడు. ఓబులమ్మ మజ్జిగ చెంబు కొడుకు చేత పంపి, తను గడప లోపలే నిలబడింది.

"గొర్రెల మాట చెప్పింది నువ్వేనంట గదమ్మా" అన్నాడు మాస్టరు. "నేను రెండేండ్లు సున్నంతో గీసి చెప్పిందాన్ని నువ్వు ఒక్క మాటలో చెప్తివి."

"నాకేం తెలుసు సామీ. మా ఇంట్లో ఉండేది గొర్రెల మాటలే."

"వచ్చే శనివారం కర్నూలులో జిల్లా బడుల ఆట ఉండాది. నాకు సెంటర్ హాఫు లేడు. ఉండేది ఒక్కడే, వాన్ని గోలులో కట్టేసి పెట్టినా. ఈడ బడిలో అయితే గుడ్డ చుట్టి ఆడిస్తాండా. కర్నూలులో రిఫరీ ఒక్కొక్కరి కాళ్ళు తడిమి చూస్తాడు. ఇనుముంటే గోలులో గూడా నిలబెట్టనీయడు."

మాస్టరు మజ్జిగ తాగి చెంబు పక్కన పెట్టాడు.

"తీసెయ్యమని చెప్పేదానికి నాకు నోరు రాదమ్మా. మా ఇంట్లో మొక్కులు లేవుగానీ మా అమ్మ ప్రార్థనలుండాయి. నన్ను పట్నం పంపమని ఆట ఆడించేటోళ్ళు అడిగితే, ప్రార్థన చేస్తి, దేవుడు వద్దన్యాడు అనింది. అంతే. యాడికీ పోలేదు. దేవున్తో ఎట్ల కొట్లాడతాం?"

"ముగ్గురు పోయినారు సామీ" అంది ఓబులమ్మ. "వీడుండాడు. వీడు ఉండేది ఆ ఇనుముతోనే. నువ్వు మంచోనివే. కానీ వొద్దు."

మాస్టరు తలూపి సైకిలెక్కాడు. కొడుకు గొడవ పెడతాడని ఆమె కాచుకుంది. వాడు ఒక్క మాట అనలేదు. సంకటి తిన్నాడు, చెంబు కడిగాడు. చింతపిక్కలు మాత్రం బయటికి తీయలేదు. మరునాడూ తీయలేదు. మూడోనాడు ఆమె పొయ్యి మీద గూట్లో చూస్తే ఆ పిక్కల డబ్బా లేదు. కట్టెల కింద పారేసి ఉంది.

గొడవ పడినా బాగుండేది. తిట్టడానికైనా ఒక దారి దొరికేది. మాట లేకుండా వాడు ఇంట్లో తిరుగుతుంటే నాలుగు గోడలూ దగ్గరికి జరిగినట్టయింది. కడియం కింద ఆముదం రాద్దామని వాడి కాలు ఒళ్ళో పెట్టుకుంది. చిటికెన వేలు కూడా సందున దూరలేదు. అంచు వెంట చర్మం నల్లబడి, పచ్చిగా ఉంది.

"నొస్తాండాదా?"

"లేదు మా."

"అబద్ధం చెప్తాండావు."

"నొస్తే ఏం చేస్తావు?" అన్నాడు వాడు. కోపంతో కాదు. నిజంగా తెలుసుకుందామని అడిగినట్టే అడిగాడు.

మరునాడు పొద్దున్నే కొడుకును వెంటబెట్టుకుని కమ్మరి పెద్ద ఈరన్న కొలిమికి పోయింది. అతుకు వేయించాలి, అంతే. దారిలో ఆమె మనసులో వేరే ఏమీ లేదు.

పెద్ద ఈరన్న వాడి కాలిని దాగలి ఇనుపదిమ్మె మీద పెట్టించి, కడియం కింద తడిగుడ్డ దోపాడు. ఓబులమ్మ రెండు చేతులతో కడియం పట్టుకుంది. ఉలి పెట్టి మూడు దెబ్బలు వేశాడు. పాత అతుకు ఊడి కడియం నోరు తెరిచింది. దాని కింద చర్మం నీళ్ళలో నానిన వేలి మాదిరి తెల్లగా, ముడతలు పడి ఉంది. పదిహేనేళ్ళుగా ఎండ తెలియని చర్మం. ఉరుకుందప్ప తల్లిని చూడలేదు, కమ్మరిని చూడలేదు. ఆ తెల్లని పట్టీనే చూస్తూ వేళ్ళు విప్పాడు, ముడిచాడు.

"ఇట్లియ్యమ్మా, అతుకు కాల్చి పెట్టినా" అన్నాడు పెద్ద ఈరన్న.

ఓబులమ్మ చెయ్యి తీయలేదు. కడియాన్ని కొడుకు కాలి నుంచి జరిపి, అలాగే పైకి పట్టుకుని, చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి, తన కుడికాలు దాగలి మీద పెట్టింది.

"దీంట్లో నా కాలు పెట్టి మూసెయ్యి అన్నా."

"నీకు మతి ఉండాదా లేదా? ఇది పిల్లోని మీద మొక్కు."

"మొక్కింది నేను. మోసింది వాడు. ఇంగ నేను మోస్తా."

"స్వామి ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోకపోతే కడియం యాడుంటే ఆడికే వస్తాడు. నా కాలి కాడికి వస్తాడు. వాని కాడికి పోడు గదా."

పెద్ద ఈరన్న సుత్తి అందుకున్నాడు. "తిమ్మయ్య వచ్చి నన్నడిగితే నేను బాధ్యుణ్ణి కాను" అని గొణుక్కుంటూ అతుకు పెట్టి మూశాడు. ఇనుము నేల తాకలేదు.

ఇంటికి వచ్చే దారిలో కొడుకు ముందు నడిచాడు. వాడి కుడికాలు ఎడమకాలి కంటే పైకి లేస్తోంది, నీళ్ళలో కొంగ నడిచినట్టు. ఆమె చూసింది. నవ్వొచ్చింది కూడా. తన కాలు బరువుకు అలవాటు పడలేక ఈడుస్తూ ఉండటం వల్ల దాన్ని గురించి ఎక్కువ ఆలోచించలేదు. అప్పటికి కర్నూలు ఆట రెండురోజులుంది.

శనివారం పోయిన పిల్లలు ఆదివారం సాయంత్రం బస్సుకు వచ్చారు. కొడుకు గడపలోకి వచ్చేదాకా ఓబులమ్మకు తెలియలేదు. ముందు వాడి నుదురు తాకి చూసింది. చల్లగా ఉంది. స్వామి వాడి దగ్గరికి రాలేదు.

"కర్నూలు ఎట్లుండాది?"

"సర్కారు కచేరీలన్నీ డేరాల్లో ఉండాయి మా. జాతర మాదిరి." కాసేపటికి వాడే అన్నాడు. "ఓడిపోయినాం. రెండొకటి."

"నువ్వు మధ్యలో ఆడినావా?"

"సగం ఆట ఆడినా." వాడు కుడికాలు ముందుకు చాపాడు. "ఇది నా మాట వినలేదు. ఇన్నేండ్లు ఇనుమును ఎత్తి ఎత్తి, దానికి ఎంత బలం పెట్టాల్నో అదే లెక్క పట్టుకుండాది. పక్కోనికి తోద్దామంటే గీత దాటి పోతాది. దగ్గరికి అనుకుంటే దూరం పోతాది. యాడ పంపాల్నో నాకు కనపడతాండాది మా. అన్నీ కనపడతాండాయి. కాలు పోనీలేదు. రెండు గోలులూ నేను తప్పిన బంతులే."

"మాస్టరు తిట్టినాడా?"

"తిట్టింటే బాగుండు. సగం ఆట అయినాక నేనే పోయి గోలీ చొక్కా ఇప్పించుకుని కట్టెల మధ్య నిలబడినా. ఎవరు పొమ్మన్యారప్పా అని అడిగినాడు. ఎవరూ అనలేదు. కాళ్ళే పోయినాయి."

ఓబులమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది. కడియం తీస్తే కాలు వచ్చేస్తుందనుకుంది. ఇనుము దిగినా కాలు దాని బరువును మరవదని అనుకోలేదు.

"ఇంగ పోవా ఆటకు?"

"మూడు నెలలు గోడకు తోయమన్యాడు సార్. దగ్గర తోసేది మొదట్నుంచి నేర్చుకోవాలంట, చిన్నపిల్లోని మాదిరి."

మాస్టరు ఇచ్చిన పాత బంతి ఒకటి తెచ్చాడు. బ్లాడరు ఎప్పుడో పోయింది, లోపల గుడ్డపేలికలు కూరాడు. మరునాటి నుంచీ పెరటి గోడకు తోయడం మొదలుపెట్టాడు. మెల్లగా తోద్దామని తోస్తాడు, బంతి గోడకు కొట్టుకుని దిబ్బ దాకా పోతుంది. మళ్ళీ తెచ్చుకుంటాడు. ఓబులమ్మ రోటి దగ్గర నుంచి చూసేది. ఆమె కాలికి ఇనుము ఒరుసుకుని పుండు పడింది, కడియం కదలకుండా ఆ కాలు ఈడ్చే నడిచేది. బావి దారి ఇప్పుడు రెండింతలయింది. పదిహేనేళ్ళు వాడు ఇంత బరువు మోసి ఒక్కసారైనా చెప్పలేదేమని అనుకునేది. మళ్ళీ, పుట్టినప్పటి నుంచీ ఉన్నది బరువని ఎవరికి తెలుస్తుంది అనుకునేది.

పది పన్నెండు రోజులకు వాడికి గోడ మీద విసుగొచ్చింది.

"గోడైతే యాడ కొట్టినా తిరిగి ఇస్తాది మా. తెలీదు. నువ్వు రోంత ఆ వాకిలి కాడ నిలబడు. నీ కాలి కాడికి రావాల బంతి."

"నాకు పనుండాది పోరా."

"రోంతసేపు."

ఆమె చేతులు తుడుచుకుని వంటింటి వాకిట్లో, ద్వారబంధపు రెండు కొయ్యల మధ్య నిలబడింది. అక్కడ నిలబడటం ఆమెకేమీ కొత్త కాదు. వాడు ఆరడుగుల దూరం నుంచి తోశాడు. మొదటిది గోడకు తగిలింది. రెండోది ఆమె మోకాలికి తగిలింది. "మెల్లగా రా" అంది. మూడోది నేల మీద దొర్లుకుంటూ వచ్చింది. ఆమె వంగలేదు, తప్పుకోలేదు. కాలు అడ్డం పెట్టింది. కడియం ఎముకకు తగిలి టక్కుమంది. బంతి ఆగింది.

పెరట్లో వాడు తలెత్తాడు. ఏడాదిగా ఆ ఇంట్లో లేని చప్పుడు.

"అట్లే ఉండు మా" అన్నాడు వాడు. "జరగొద్దు. ఇంగోటి తోస్తా."

ఓబులమ్మ జరగలేదు.