రబ్బరు పడని నాలుగు పేజీలు

ఇనప్పెట్టె అడుగున దొరికిన రెండో తరగతి తెలుగు వాచకానికి పాత కాగితం, కలరా ఉండలు కలిసిన వాసన. అది ముక్కుకు తగలగానే తొంభైల నాటి భిలాయి ఆదివారాలు, మా సెక్టారు తెలుగు హాలు, అక్కడ మాకు తెలుగు నేర్పే మాష్టారి మీద నాకున్న అసహ్యం, నా మీద నాకున్న అంతకంటే పెద్ద అసహ్యం ఒక్కసారే లేచొస్తాయి.

వారమంతా ఉక్కు ప్లాంటు స్టోర్సులో గుమాస్తా అయిన మాష్టారు ఆదివారం మాత్రం ఇస్త్రీ పంచె కట్టుకుని మహాపండితుడయ్యేవాడు. చదవడం వచ్చినవాళ్లం ముందు బెంచీల మీద పద్యాలు దంచేవాళ్లం, రానివాళ్లు వెనక చాప మీద ఏడాది పొడుగునా అఆలు దిద్దేవాళ్లు. వచ్చినవాళ్లకు చెప్పక్కర్లేదు, రానివాళ్లకు చెప్పినా రాదు, కనుక ఆయన హాయిగా దిబ్బరొట్టె తింటూ పేపరు చదువుకునేవాడు. మేమేమో చాప వైపు చూసి ముక్కు చిట్లించేవాళ్లం.

ఆ చాప మీద పైడి ఉండేది, నాకంటే ఏడాది చిన్నది, హిందీ బడిలో చదివేది. శ్రీకాకుళం నుంచి అమ్మమ్మ రాసే ఉత్తరాలను వాళ్ల నాన్న సగం మింగేసి చదువుతున్నాడని దాని అనుమానం. తనే చదువుకోవాలని పట్టుదల. "దీదీ, ఈ అచ్చరం ఏటి?" అని అదేపనిగా అడుగుతుంటే విసుగెత్తి, దాని రెండో తరగతి వాచకంలో ప్రతి తెలుగు అక్షరం పైనా హిందీ అక్షరం పెన్సిలుతో రాసి పడేశాను. నా బద్ధకమే దానికి గురువైంది, నెల తిరక్కుండా కూడబలుక్కుని చదవసాగింది.

"ఇంక నాలుగు పేజీలే దీదీ. అయ్యాక అమ్మమ్మ ఉత్తరం నానే సదువుతాను."

ఆ వారమే మాష్టారు చూశాడు. "ఏటిది? తెలుగు నెత్తి మీద హిందీనా? ఎవులు రాసేరు?" పైడి నా పేరు చెప్పలేదు, నా చేతిరాత చెప్పేసింది. ఆయన నా ముందు రబ్బరు పడేశాడు. "తుడిసెయ్. నేదంటే ఎల్లి సాప మీద కూకో."

బెంచీ పోతుందన్న భయంతో, పైడి చూస్తుండగానే, ఒక్కో పేజీ శ్రద్ధగా తుడిచాను. అది పుస్తకం వదిలేసి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. ఆ పుస్తకం నా సంచిలోనే ఇంటికొచ్చింది. ఆ ఏడు మొదటి బహుమతి స్టీలు గ్లాసు నాకే ఇచ్చారు, సిగ్గు లేకుండా తీసుకున్నాను.

ఇప్పుడు ఆ హాలు పెళ్లిళ్లకు అద్దెకిస్తున్నారు. బెంచీలూ లేవు, చాపా లేదు. ముందు బెంచీ పండితుల పిల్లల్లో తెలుగు చదవగలిగినవాళ్లు లేరు, నా పిల్లలతో సహా. గంట కొట్టేయడంతో తుడవని చివరి నాలుగు పేజీల్లో మాత్రం హిందీ అక్షరాలు అలాగే ఉన్నాయి.

మొన్న కూరగాయల బజారులో పైడి కనిపిస్తే, అమ్మమ్మ ఉత్తరాలు ఎప్పటికైనా చదివావా అని తెలుగులోనే అడిగాను.

"ముఝే తెలుగు నహీ ఆతా, దీదీ" అని, తెలుగు రాదని హిందీలోనే తేల్చేసి, తోటకూర ఏరుకుంటూ ఉండిపోయింది.