ఈ డబ్బా వరకే

శుక్రవారం పొద్దున ఉస్తాద్ పోయాడని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. నేను నమ్మలేదు. ఆయన ఊళ్లో తెలిసిన ఇద్దరికి ఫోన్ చేశాను. ఒకరు గుండె అన్నారు, ఇంకొకరు షుగర్ అన్నారు. ఒకరు నిన్న సాయంత్రం అన్నారు, ఇంకొకరు ఇవాళ తెల్లారుజామున అన్నారు. చివరికి ఆయన భార్యే ఫోన్ ఎత్తి, "అవు బిడ్డా, పోయిండు" అంది. అప్పుడు మస్కట్‌లోని హమ్రియాలో మా రూమ్‌లో మంచం మీద కూలబడ్డాను. ఒక్కరి మాట విని నమ్మొద్దని నాకు నేర్పింది ఆయనే. ఆ చదువు ఎందుకు నేర్చుకున్నానా అనిపించింది.

ఆయనెవరో మీకు చెప్పాలి. మస్కట్ దాటాక కొండల మధ్య ఒక షూటింగ్ క్లబ్ ఉంది. పోటీలకు సాధన చేసేవాళ్ల కోసం అక్కడ తూటాలు నింపేవాడు. పేల్చిన తూటా తాలూకు ఖాళీ డొల్లను శుభ్రం చేసి, అడుగున నిప్పు రాజేసే కొత్త క్యాప్ ఎక్కించి, తూచిన తుపాకి మందు పోసి, పైన కొత్త గుండు బిగించాలి. దానికి పర్మిట్ ఉన్న గది వేరే. ఆయనది మెదక్ వైపు, మాది నిర్మల్ వైపు. టార్గెట్ కాగితాలు అతికించే పనికి వచ్చిన నన్ను ఆ గదిలో వేశారు. అప్పటికే నాకు నలభై దాటాయి. రెండు కంపెనీల చేతిలో మోసపోయి వచ్చినవాణ్ణి, ఎవర్నీ నమ్మే రకం కాదు.

గదిలో మూడు పుస్తకాలు ఉండేవి. ఏ గుండుకు ఏ మందు ఎంత పోయాలో వాటిలో ఉంటుంది. నాకు ఇంగ్లీషు రాకపోయినా అంకెలు వచ్చు. అదే మందు, అదే గుండు, మూడు పుస్తకాల్లో మూడు అంకెలు. పాతదాంట్లో ఎక్కువ, కొత్తదాంట్లో తక్కువ. ఉస్తాద్ పోసేది ఆ మూడింటికన్నా తక్కువ. ఇంకేముంది, మిగిలిన మందు ఎక్కడికో పోతోందని తేల్చేసుకున్నాను. అది బయటపడితే ఆయనొక్కడే కాదు, రోజూ రిజిస్టర్‌లో సంతకం పెట్టే నేనూ జైలుకే. వారం రోజులు అన్నం సహించలేదు. చివరికి మా ముదీర్ దగ్గరికి, అంటే ఒమానీ మేనేజర్ దగ్గరికి వెళ్లి చెప్పేశాను.

ముదీర్ వచ్చి డబ్బాలన్నీ తూకం వేయించాడు. ప్రతి డబ్బా మీదా ఉస్తాద్ చేతిరాత ఉంది. తెరిచిన తేదీ, లాట్ నంబరు, ఎన్ని తూటాలకు ఎంత పోసిందీ. రవ్వంత తేడా లేదు. "మరి కితాబులో ఉన్నదానికన్నా తక్కువెందుకు?" అని ముదీర్ హిందీలో అడిగాడు. ఉస్తాద్ మూడు పుస్తకాలూ బల్ల మీద పెట్టి, "కౌన్సీ కితాబ్, సాబ్?" అని, ఏ పుస్తకంలోదని అడిగాడు. ముదీర్ నవ్వేశాడు. నాకు మాత్రం తలెత్తబుద్ధి కాలేదు.

చెప్పింది నేనేనని ఆయనకు తెలుసు. మర్నాడు డ్యూటీకి వెళ్లగానే నా చేతికి చాయ్ గ్లాసు ఇచ్చాడు.

"తమ్మీ, అనుమానం మంచిదే. కని నన్నే అడగాలె గద."

ఆ గ్లాసులోకి చూస్తూ అడిగాను. "మూడు పుస్తకాలల్ల ఏది అబద్ధం, ఉస్తాద్?"

"ఏదీ గాదు. ముగ్గురు మూడు తుపాకులల్ల కాల్చి చూసిండ్రు. ఒకని బారెల్ బిగుతుంటది, ఒకనిది వదులుంటది. డొల్ల మందం వేరే, క్యాప్ వేరే. మందు సుత అంతే. పేరు గదే ఉంటది, లాట్ మారితే జోరు మారుతది."

"మరి పాతదాంట్ల ఎక్కువెందుకున్నది?"

"అప్పట్ల రాగిముక్క ఎంత నలిగిందో చూసి లోపలి ఒత్తిడి ఎంతనో లెక్కగట్టేటోళ్లు. ఇప్పుడు మిషన్ల మీద చూస్తున్నరు. రాగికి దొరకని ఒత్తిడి మిషన్‌కు దొరుకుతది, అందుకే కొత్తదాంట్ల తగ్గించిండ్రు. పుస్తకం వాళ్ల తుపాకి సంగతి చెప్తది. మన తుపాకి సంగతి మన తుపాకినే అడగాలె, తక్కువ నుంచి మొదలువెట్టి. గుండ్లన్ని ఒక్కకాడ వడ్డయంటే ఆడ ఆగాలె."

నేను సగమే నమ్మాను. అది ఆయనకు నచ్చింది. బల్లకు అవతలివైపు ఇంకో కుర్చీ వేసి, ఇంకో త్రాసు పెట్టి, "నేను తూచినంక నువ్వు మళ్ల తూచు. నన్ను నమ్మెటోడు నాకు పనికిరాడు" అన్నాడు. ఆరేళ్లు అలాగే చేశాం.

ఆయన అనుమానానికి హద్దు ఉండేది కాదు. పాలపొడి డబ్బా మీద మూడు చెంచాలని ఉంటే, "ఎవని చెంచా?" అని గొణిగేవాడు. రెండు డబ్బాల మందు ఎన్నడూ కలిపేవాడు కాదు. కొత్త డబ్బా తెరిస్తే నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి, పైన "ఈ డబ్బా వరకే" అని రాసేవాడు. డబ్బా అయిపోగానే ఆ పేజీని అడ్డంగా కొట్టేసేవాడు. అంత కష్టపడి కనుక్కున్నది ఎందుకు కొట్టేస్తారని అడిగితే, "రేపు ఎవడన్న నన్ను నమ్మి పోస్తడు" అన్నాడు.

పోయిన నెల ఒంట్లో బాగాలేక వీసా క్యాన్సిల్ చేయించుకుని వెళ్లిపోయాడు. ఆ నోట్‌బుక్ నాకిచ్చాడు. ఆయన మీద చాడీ చెప్పింది నేనేనని, తప్పయిందని నేను ఒక్కసారీ అనలేదు. ఇవాళ అందాం, రేపు అందాం అనుకుంటూనే ఆయన విమానం ఎక్కేశాడు. ఆయన మంచితనం మీద బతికిన మనిషిని నేను.

ఆయన పోయాడని తెలిసిన మర్నాడే పాత డబ్బా అయిపోయింది. కొత్త డబ్బా తీశాను. పేరు అదే, లాట్ వేరే. పోటీలు దగ్గర పడ్డాయి. "ఉస్తాద్ రాసిన నంబరు ఉంది కదా, అదే పోసెయ్" అని ముదీర్ తొందరపెట్టాడు. నోట్‌బుక్‌లో కొట్టేయకుండా మిగిలింది ఆ పాత డబ్బా పేజీ ఒక్కటే. ఆయన చేతిరాతలో ఆఖరి అంకె. దాన్ని కొట్టేయడానికి చెయ్యి రాలేదు. నమ్మేద్దామనిపించింది, నిజం చెప్తున్నాను.

కొట్టేశాను. పక్క పేజీలో "ఈ డబ్బా వరకే" అని రాసి, ఆ అంకెకన్నా బాగా తక్కువ నుంచి మొదలుపెట్టాను. మొదటిసారి ఆయన కుర్చీలో కూర్చుని మందు తూచాను. తర్వాత తూచిన మందు ఉన్న చిన్న గిన్నెను రెండు చేతులా పట్టుకుని, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, నా కుర్చీలో కూర్చుని మళ్లీ తూచాను.